గేటు ఎత్తని జింక

అనగనగా ఒక అడవి. ఆ అడవి చివర ఒక గేటు. అడవికి గేటేంటని నవ్వకండి, ఉంది మరి! తారు రోడ్డు అడవిలోకి దూరే చోట ఫారెస్టు వాళ్ళ చెక్‌పోస్టు ఉంది. రోడ్డుకి అడ్డంగా ఒక పొడుగాటి కర్ర, ఆ కర్ర కొసకి బరువుగా కట్టిన ఒక రాయి, పక్కనే పెంకుల గది, గదిలో ఒక గార్డు. లారీ వచ్చినా, ట్రాక్టరు వచ్చినా, స్కూటరు మీద కొత్తల్లుడు వచ్చినా ఆ గార్డు చెయ్యి అడ్డం పెట్టి ఒకే మాట అనేవాడు.

"ఆపండి. చెక్ చేయాలి."

ఆ గది చూరులో ఒక గోరింక కాపురం ఉండేది. పేరు మాణిక్యం. పొద్దస్తమానం ఆ మాట వినీ వినీ దానికి కంఠతా వచ్చేసింది. ఒక ఏడు ఎండలు ముదరకముందే ఫారెస్టు వాళ్ళు పెంకులు తీసేసి రేకులు వేశారు. కాలిపోయే రేకు కింద గూడెలా పెడుతుంది? ఎగిరి అడవి లోపలికి వచ్చేసింది. వస్తూ వస్తూ ఆ మాటని మాత్రం వెంట తెచ్చుకుంది. మన కథ అక్కణ్ణించే మొదలు. కుదురుగా కూర్చోండి. మధ్యలో మంచినీళ్ళంటూ ఎవరైనా లేచారో, ఊరుకోను.

అడవి మధ్యలో ఒక పెద్ద ఇప్పచెట్టు. చెట్టు మీద కొండముచ్చుల గుంపు. చెట్టు కింద చుక్కల జింకల గుంపు. ఈ రెండు గుంపులకీ తాతల నాటి నుంచి ఒక ఒప్పందం ఉంది. కొండముచ్చులకి కళ్ళే ఆస్తి. చిటారు కొమ్మన కూర్చుంటే ఎంత దూరంలో చిరుత కదిలినా కనబడుతుంది. జింకలకి ముక్కే ఆస్తి. గాలి ఇటు తిరిగిందంటే చాలు, చిరుత వాసన పట్టేస్తాయి. పైవాళ్ళు చూడాలి, కిందివాళ్ళు వాసన పట్టాలి, ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు అరవాలి. అరుపు వినబడగానే మిగతా అందరూ పరుగు. నిజమా, అబద్ధమా అని అడిగినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు.

పైన కాపలా కోటప్ప తాతది. ముసలి కొండముచ్చు. మొహం బొగ్గు, నోరు కారం. తోక మాత్రం గుంపులో అందరికన్నా పొడుగు. ఆ తోక దన్నుతోనే ఆ వయసులో కూడా అందరికన్నా పై కొమ్మకి ఎక్కి కూర్చునేవాడు. చిరుత కనబడితే "ఖక్! ఖక్! ఖక్!" అని దగ్గేవాడు. ఆ దగ్గు వింటే జింకల కాళ్ళు వాటంతటవే లేచేవి.

కింద జింకల్లో రేల అని ఒక తల్లి జింక ఉంది. దానికి తొలి కాన్పు. బిడ్డ పేరు పూస. పుట్టి నెల కూడా కాలేదు. ఒంటినిండా తెల్ల చుక్కలు, పుల్లల్లాంటి కాళ్ళు. ఆ ఏడు గడ్డి తొందరగా ఎండిపోయింది. రేలకి పాలు తగ్గిపోయాయి. పూస పొదుగు నోట్లో పెట్టుకుని పీకి పీకి, పాలు రాక ఏడ్చేది. తెల్లవారుజామున రాలే ఇప్పపూలు కడుపునిండా తింటేనే ఆ పూటకి నాలుగు చుక్కలు పాలు. పూలు తినకపోతే ఆ నాలుగూ లేవు. రేల భయమంతా అదే. రాత్రంతా ఇప్పపూల కోసమే కలవరించేది.

ఒకరోజు తెల్లవారింది. పూలు టపటపా రాలుతున్నాయి. రేల ఇంకా పది పూలు తిన్నదో లేదో, పైనుంచి "ఖక్! ఖక్! ఖక్!"

జింకలన్నీ పరుగు. రేల కూడా పూసని ముందు తోసుకుంటూ పరుగు. వాగు దాటి, గుట్ట తిరిగి, రొప్పుతూ నిలబడ్డాయి. ఎండెక్కాక తిరిగి వచ్చి చూస్తే చెట్టు కింద నేల ఊడ్చినట్టు ఉంది. ఒక్క పువ్వు లేదు. పూస పొదుగు పట్టుకుంది, వదిలేసింది, మళ్ళీ పట్టుకుంది. పాలు లేవు. రేలకి ఏడుపు ముంచుకొచ్చింది.

సరిగ్గా ఆ సమయానికి మాణిక్యం వచ్చి పక్కనున్న పుట్ట మీద వాలింది.

"ఏంటి రేలక్కా, మొహం అలా ఉంది?"

"పూలు పోయాయి. చిరుత వచ్చిందని పరిగెత్తాం."

"చిరుతని నువ్వు చూశావా?"

"నేనెక్కడ చూశాను? కోటప్ప తాత చూశాడు."

"మరి పూలు చిరుత తిన్నదా?"

రేల నోరెళ్ళబెట్టింది. నిజమే, చిరుత పూలు తినదు కదా!

మాణిక్యం మెడ అటూ ఇటూ తిప్పి, గొంతు బాగా తగ్గించింది. "నేను చెక్‌పోస్టులో పుట్టి పెరిగినదాన్నక్కా. అక్కడ ఎవరి మాటా ఊరికే నమ్మరు. అందర్నీ ఆపుతారు, చెక్ చేస్తారు. మీరు ఒక్కసారైనా కోటప్పని చెక్ చేశారా?"

"చెక్ చేయడమంటే?"

"అంటే... ఆపి, వాళ్ళ మొహం వంక అనుమానంగా చూడాలి. గార్డు అలాగే చూస్తాడు. కనుబొమలు ఇలా పెట్టి." పాపం, గోరింకకి కనుబొమలెక్కడివి! కళ్ళ చుట్టూ ఉన్న పసుపు చర్మం ముడిచి చూపించింది.

రేలకి నవ్వు రాలేదు. కడుపు మండుతున్నప్పుడు ఎవరికీ నవ్వు రాదు. ఆ మాట దాని చెవిలోంచి గుండెలోకి దిగిపోయింది.

రెండోరోజు తెల్లవారుజామున మళ్ళీ "ఖక్! ఖక్! ఖక్!" జింకలన్నీ పరిగెత్తాయి. రేల పూసని గుంపుతో పంపేసి, తను మాత్రం పుట్ట వెనక్కి దూరి నక్కింది. చిరుత ఇప్పుడొస్తుందా? ఇంకాసేపటికి వస్తుందా? ఎంతసేపటికీ రాలేదు. ఆకు కూడా కదల్లేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా? కోటప్ప తాత చెట్టుకి దగ్గర్లోనే ఉన్న నల్లబండ వైపు చాలాసేపు చూసి, "ఊఁ, పోయింది. దిగండి" అన్నాడు. కొండముచ్చులు బిలబిలా కిందికి దిగాయి. తాత కోడలు ఈరమ్మ ముందు దిగింది. అన్నీ కూర్చుని రెండు చేతులా పూలు ఏరుకుని తిన్నాయి. రాత్రి నుంచి వాటికీ ఆకలే మరి. కానీ రేల ఆ ఆకలి చూడలేదు, తినడమే చూసింది. "ఓహో, ఇదా సంగతి! మమ్మల్ని తరిమేసి మీరు మేస్తున్నారా!" అని పళ్ళు నూరింది.

జింకలు తిరిగి వచ్చేసరికి చెట్టు కింద నాలుగైదు పూలకొమ్మలు పడి ఉన్నాయి. కోటప్ప తాత పైనుంచి విరిచి పడేసినవే. జింకలు ఖాళీ కడుపుతో వస్తాయని అలా పడేశాడు. ఒక కొమ్మ రేల ముందే ఉంది. రేల దాన్ని ముక్కుతో అటూ ఇటూ దొర్లించి చూసింది. ఆకుల వెనక చూసింది, పూల లోపల చూసింది. "నా నోరు మూయించడానికి లంచమా?" అని గొణుక్కుని, తినకుండా పక్కకి జరిగిపోయింది. దాని వెనకే పూస ఆకలితో తడబడుతూ నడిచింది.

చూశారా? అనుమానం పడితే అంతే. పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పే.

మూడోరోజు కూడా తాత దగ్గాడు. ఈసారి రేల దాక్కోను కూడా లేదు. అందరూ పరిగెత్తుతుంటే చెట్టు కింద నాలుగు కాళ్ళూ పాతినట్టు నిలబడి, తల పైకెత్తి, కోటప్ప తాత మొహాన్నే చూస్తూ ఉంది. ఆ రోజుల్లో తెల్లవారుజాము గాలి ఎప్పుడూ చెట్టు వైపునుంచి నల్లబండ వైపే వీస్తోంది. అటునుంచి ఏ వాసనా దాని ముక్కుకి రాదు. వచ్చినా పట్టించుకునేది కాదేమో, దాని ధ్యాసంతా పైనున్న నల్లమొహం మీదే.

"పరిగెత్తవే పిచ్చిమొహమా! బండ పక్కన ఉంది!" అని తాత పైనుంచి అరిచాడు.

రేల కదల్లేదు. తాత కొమ్మలు పట్టుకుని ఊపాడు. అన్ని కొండముచ్చులూ కలిసి గోల చేశాయి. ఇంత గొడవ మధ్య ఏ చిరుత వస్తుంది? దొంగతనంగా వచ్చి పట్టుకోవడమే దానికి తెలిసిన విద్య. నన్ను చూసేశారు అని తెలిస్తే మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగిపోతుంది. ఆ రోజు కూడా అలాగే తిరిగిపోయింది. రేలకి మాత్రం ఏమీ కనబడలేదు.

"తాతా, ఏదీ నీ చిరుత?" అని అడిగింది.

"పోయింది."

"నిన్నా పోయింది. మొన్నా పోయింది. నువ్వు దగ్గిన ప్రతిసారీ పోతుందేం?"

"నేను దగ్గినందుకే పోతోందే మొద్దూ!"

"పూలు కూడా నువ్వు దగ్గినందుకేనా పోతున్నాయి?"

తాతకి అప్పుడు అర్థమైంది. మొహం ముడుచుకుపోయింది. తర్వాత నెమ్మదిగా రెండు కొమ్మలు కిందికి దిగి, ఎన్నడూ లేనంత మెత్తగా అన్నాడు.

"రేలా, నా మాట నమ్మనక్కర్లేదు. నల్లబండ పక్కన వాక్కాయ పొద ఉంది కదా, నాలుగు అంగల్లో ఉంది. వెళ్ళి వాసన చూడు. నీ ముక్కు నీకు అబద్ధం చెప్పదు. చూసొచ్చి నన్ను ఎన్ని మాటలైనా అను."

ఇక్కడ కాస్త ఆగండి పిల్లలూ. ఈ కథంతా ఈ ఒక్క చోటే ఉంది. నాలుగంటే నాలుగు అంగలు. వెళ్ళాలా, వద్దా? ఆకలితో ఏడ్చే బిడ్డ ఉన్న తల్లి వెళ్ళాలా, వద్దా?

రేల ఒక కాలు ఎత్తింది. పొద వైపు చూసింది. అంతలో మాణిక్యం దాని కొమ్ముల్లేని తల మీద వాలి, చెవిలో గుసగుసలాడింది. "తనంతట తనే వెళ్ళి చూడమంటున్నాడేం అక్కా? నిన్ను అటు పంపించి ఇటు ఏం చేద్దామని?"

రేల ఎత్తిన కాలు దించేసింది. "నేనేం అంత వెర్రిదాన్ని కాదు" అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

రేల తన అనుమానం గుంపంతటికీ చెప్పింది, ఆ సాయంత్రానికి అడవి అడవంతా మారిపోయింది. మాణిక్యం చెప్పినట్టు, జింకలు నీళ్ళకి వెళ్ళే దారిలో ఒక ఎండు వెదురు బొంగుని అడ్డంగా పెట్టారు. అదే గేటు. అటు వెళ్ళేవాళ్ళందర్నీ ఆపాలి, చెక్ చేయాలి. మొదట కుందేలు దొరికింది.

"ఆపు! నోరు తెరువు. ఏం తిన్నావు?"

"గడ్డి."

"ఎవరి గడ్డి?"

కుందేలుకి ఏం చెప్పాలో తెలియలేదు. గడ్డి ఎవరిదని చెబుతుంది పాపం! జవాబు చెప్పలేదు కాబట్టి దొంగే అని మాణిక్యం తేల్చేసింది. తర్వాత నెమలి వచ్చింది. "ఇన్ని ఈకలు ఒక్కడికెందుకు? ఎక్కడివి?" అని దాన్నీ నిలబెట్టారు. ముళ్ళపంది వచ్చినప్పుడు మాత్రం చెక్ చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. నువ్వు చెయ్యంటే నువ్వు చెయ్యని తోసుకుని, ఆఖరికి దానికి దారి ఇచ్చేశారు.

నవ్వులాటగా ఉంది కదూ? వాళ్ళకి నవ్వులాటగా లేదు. కుందేలు నెమలితో మాట్లాడటం మానేసింది. జింకల్లో జింకలకే పడలేదు. "నువ్వు నిన్న ముందు పరిగెత్తావేం? నీకు ముందే తెలుసా?" అని ఒకదాన్నొకటి అడుగుతున్నాయి. నీళ్ళ దగ్గర తల వంచితే పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో అని కళ్ళు పక్కకే. వెదురు బొంగు ఎవరి కోసమూ లేవలేదు. పక్కనుంచి దూరి పోయేవాళ్ళు దూరి పోతున్నారు, పోలేనివాళ్ళు దాహంతో నిలబడి ఉన్నారు.

ఆ రాత్రి పడుకోబోయే ముందు రేల గుంపుని పోగుచేసింది. "రేపు తాత దగ్గితే ఎవరూ పరిగెత్తొద్దు. చిరుత కంటికి కనబడ్డాకే పరుగు. అబద్ధం రేపు బయటపడుతుంది. మన పూలు మనం తింటాం, మన పిల్లలకి పాలిస్తాం."

గుంపులో అందరికన్నా ముసలి జింకని అందరూ పెద్దమ్మ అంటారు. పెద్దమ్మ నసిగింది. "అది కాదు రేలా... మా అమ్మ కాలం నుంచీ..."

"మీ అమ్మ కాలంలో చెక్ చేయడం ఎవరికీ తెలియదు పెద్దమ్మా" అంది రేల. పెద్దమ్మ వెనక్కి తగ్గింది. ఎవరైనా తననీ అనుమానిస్తారేమోనని దానికి భయం పట్టుకుంది.

నాలుగోరోజు తెల్లవారింది. పూలు ఎన్నడూ లేనన్ని రాలాయి. తెల్లటి దుప్పటి పరిచినట్టుంది నేల. రేల పూసని చెట్టు మొదట్లో, నల్లబండ వైపు పడుకోబెట్టి, తల వంచి ఆబగా తినసాగింది. ఇవాళ బిడ్డకి కడుపునిండా పాలిస్తాను అనుకుంది.

"ఖక్! ఖక్! ఖక్!"

ఒక్క జింక కూడా కదల్లేదు. తలలు మాత్రం ఎత్తి, పొద వైపు చూడకుండా, అన్నీ కోటప్ప తాత వైపు చూశాయి.

"ఖక్! ఖక్! పరిగెత్తండే! దగ్గరికొచ్చేసింది!"

"చెక్ చేయాలి!" అని మాణిక్యం కొమ్మ మీదనుంచి గట్టిగా అరిచింది.

తాత దగ్గాడు, అరిచాడు, కొమ్మలు విరిచి విసిరాడు. గొంతు జీరబోయింది. "రేలా, నీ కాళ్ళు పట్టుకుంటానే, బిడ్డని తీసుకుని పో!" ఆ గొంతులో ఏడుపు వినబడి రేలకి ఒక్క క్షణం ఒళ్ళు ఝల్లుమంది. అప్పుడు తల తిప్పింది. వాక్కాయ పొద కింద, ఎండుటాకుల రంగులో, పొట్ట నేలకి ఆనించి, రెండు కళ్ళు. ఆ కళ్ళు పూసని చూస్తున్నాయి. ఎంత దగ్గినా ఒక్క జింకా కదలకపోయేసరికి, ఈసారి చిరుత వెనక్కి తిరగలేదు. చిరుతకీ పూసకీ మధ్య ఒక్క దూకు దూరం. రేలకీ పూసకీ మధ్య అంతకి మూడింతలు.

రేల బిడ్డ వైపు ఉరికింది. చిరుత దూకింది.

దానికన్నా ముందే పైనుంచి ఇంకేదో దూకింది. కోటప్ప తాత! ఎండుకొమ్మతో సహా వచ్చి చిరుత మొహం మీద దభేలున పడ్డాడు. చిరుత ఉలిక్కిపడి పక్కకి తిరిగింది. పూస లేచి, పుల్లల్లాంటి కాళ్ళతో పడుతూ లేస్తూ పరిగెత్తింది. జింకలన్నీ చెదిరిపోయాయి. తాత చెట్టు మొదలు పట్టుకుని పైకి ఎగబాకాడు. ఆ పొడుగాటి తోక మాత్రం కింద వేలాడుతూ ఉండిపోయింది. చిరుత పంజా దాని మీద పడింది.

తాత పైకి ఎక్కాడు, సగం తోకతో. చిరుత చేతికి చిక్కిన వేట తప్పిపోయిందన్న కోపంతో ఒక్క గాండ్రింపు గాండ్రించి, వచ్చిన దారినే పోయింది.

చాలాసేపటికి రేల తిరిగి వచ్చింది. పూసని పెద్దమ్మకి అప్పగించి ఒక్కతే వచ్చింది. చెట్టు దగ్గరికి రాలేదు. నేరుగా వాక్కాయ పొద దగ్గరికి వెళ్ళింది. నాలుగు అంగలు. తల వంచి వాసన చూసింది.

ఇవాళ్టి వాసన ఉంది, ఘాటుగా. దాని కింద నిన్నటిది, కాస్త చల్లారి. దాని కింద మొన్నటిది. దాని కింద ఇంకా పాతది, ఆకులకి అంటుకుని. నాలుగు రోజుల వాసన అక్కడే, ఒకదాని మీద ఒకటి. తాత దగ్గిన ప్రతిసారీ చిరుత అక్కడికి వచ్చింది. ప్రతిసారీ దగ్గు విని వెళ్ళిపోయింది. రేల అక్కడే కూలబడింది.

మాణిక్యం వచ్చి దాని పక్కనే నేల మీద వాలింది. రెక్కలు వేలాడేసుకుంది.

"అక్కా, ఒక మాట చెప్పనా? నేను సగమే చెప్పాను."

"ఏం సగం?"

"గార్డు ఆపుతాడు, చూస్తాడు, అదంతా నిజమే. కానీ మొహాలు చూడడు, లారీ మీది టార్పాలిన్ ఎత్తి లోపలేముందో చూస్తాడు. దొంగ కలప లేకపోతే..." అని మాణిక్యం గుటక మింగింది. "లేకపోతే తాడు వదిలేసి గేటు ఎత్తేస్తాడు. 'పోనివ్వండి' అంటాడు. ఒక్కోసారి డ్రైవరుకి మంచినీళ్ళు కూడా ఇస్తాడు. నాకు ఆపడం చూడటమే సరదాగా ఉండేది. ఎత్తేటప్పుడు నేను అటు తిరిగి పురుగులు ఏరుకునేదాన్ని."

చూశారా దాని నిర్వాకం! మీకైతే ఎవరూ చెప్పక్కర్లేదు. ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని అమ్మ మీ నుదురు మీద చెయ్యి పెట్టి చెక్ చేస్తుంది కదా? చల్లగా ఉంటే "పో, ఆడుకో" అంటుంది. "చల్లగా ఎందుకుంది? ఏదో దాస్తున్నావు" అని రోజంతా మంచంలో కూర్చోబెట్టదు. పాలు కాగాయో లేదో చెక్ చేసి, కాగితే దించేస్తుంది. అడవిలో ఆ దించడం ఎవరికీ తెలియలేదు.

రేల చెట్టు కిందికి వెళ్ళింది. కోటప్ప తాత అన్నిటికన్నా కింది కొమ్మ మీద కూర్చుని ఉన్నాడు. ఈరమ్మ ఆకులు నమిలి తోక మీద పెడుతోంది. ఇక చిటారు కొమ్మ తాతకి అందదు. సగం తోకతో అంత ఎత్తున నిలబడటం కుదరదు. రేలకి అది చూడగానే దుఃఖం ఆగలేదు.

"తాతా..."

"ఛీ, నా ముందు ఏడవకు" అన్నాడు తాత. కాసేపాగి, "తోక పోయినందుకు కాదే నాకు కోపం. నువ్వు అనుమానించినందుకూ కాదు. బిడ్డ తల్లివి, అనుమానం రావడం తప్పు కాదు. వెళ్ళి చూడమన్నాను. నువ్వు వెళ్ళలేదు. ఒక్కసారి పొద దగ్గరికి వెళ్ళి వచ్చుంటే సరిపోయేది కదే!" అని మొహం అటు తిప్పేసుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు రేలతో మాట్లాడలేదు.

చిటారు కొమ్మకి ఈరమ్మ ఎక్కింది. కొత్త కాపలా. చూపు బాగానే ఉన్నా తాతకున్న అనుభవం లేదు. ఎక్కిన ఐదోరోజే, పూలు బాగా రాలుతున్న వేళ, "ఖక్! ఖక్! ఖక్!" అని దగ్గింది. జింకలన్నీ పరుగు. అందరికన్నా ముందు రేల, దాని ముందు పూస. వాగు దాటి, గుట్ట తిరిగి, పూసని పెద్దమ్మ పక్కన నిలబెట్టి, అప్పుడు రేల ఒక్కతే వెనక్కి వచ్చింది. గాలికి ఎదురుగా, మెల్లగా, ఒక్కో అడుగే వేసి పొద దగ్గరికి వెళ్ళింది. వాసన చూసింది. చుట్టూ తిరిగి మళ్ళీ చూసింది.

చిరుత రాలేదు. పొదలో ముళ్ళపంది పడుకుని ఉంది. అది దొర్లితే ఈరమ్మ చిరుతనుకుంది.

పూలు పోయాయి, పరుగు దండగ అయింది. గుంపు ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చి నిలబడింది. మాణిక్యం నోరు తెరిచి, మళ్ళీ తనే మూసుకుంది. పైన ఈరమ్మ కొమ్మని కరుచుకుని వణుకుతోంది. కింద తన మామగారికి జరిగిందంతా చూసింది కదా, ఇప్పుడు తనని ఏమంటారో అని.

రేల తల పైకెత్తింది. "ఈరమ్మా! చెక్ చేశాను. ముళ్ళపంది. చిరుత రాలేదు."

ఈరమ్మ గొంతు సన్నగా వినబడింది. "మరి... రేపు?"

"రేపు కూడా నువ్వే ఎక్కు. ఆకు కదిలినా దగ్గు. ముందు నేను పరిగెత్తుతాను, తర్వాత వచ్చి చూస్తాను. ఏమీ లేకపోతే నా రెండు పూలు పోతాయి, అంతేగా." అని రేల దారిలోకి వెళ్ళి, ఇన్నాళ్ళూ ఎవరూ తీయక అడ్డంగానే ఉన్న వెదురు బొంగుని మూతితో ఎత్తి పక్కకి దొర్లించేసింది. దాహంతో ఉన్న కుందేలు ముందు పరిగెత్తింది, వెనకే నెమలి.

అప్పుడు కింది కొమ్మ మీదనుంచి పటుక్కున చప్పుడైంది. ఒక పూలకొమ్మ వచ్చి రేల ముందు పడింది. రేల పైకి చూసింది. కోటప్ప తాత అటు తిరిగి కూర్చుని, తనకేమీ తెలియనట్టు మెడ గోక్కుంటున్నాడు.

రేల ఈసారి ఆ కొమ్మని దొర్లించలేదు. ఆకుల వెనక చూడలేదు. వాసన కూడా చూడకుండా తినేసింది. ఆ పూట పూస కడుపునిండా పాలు తాగి, చెట్టు కిందే నిద్రపోయింది.

నీతి: అనుమానం వస్తే ఎదుటివాళ్ళ మొహం కాదు, అసలు విషయం వెళ్ళి చూడండి, అంతా సరిగ్గానే ఉందని తేలాక గేటు ఎత్తేయండి.